గురుకుల ద్వారమున అడిగిన ప్రశ్న



గత మాఘమాసమున ఒకనాటి ఉదయము, అర్చన ముగిసి తీర్థప్రసాదములు ఇచ్చుచుండగా, ఒక యువదంపతులు మూడున్నరేండ్ల బాలుని వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చిరి. మూడు దినములలో ఆ పిల్లవానికి ఒక పెద్ద బడిలో ఇంటర్వ్యూ ఉన్నదట. వాని పేర అర్చన చేయించిరి, చేతికి రక్ష కట్టించిరి. అంతటితో పోక ఆ తండ్రి, "గురువుగారూ, తమరొకసారి వీణ్ణి నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి. పెద్దవాళ్ళ ముందు బెదరకుండా చెబుతాడో లేదో తెలుస్తుంది" అని కోరెను.

సరేయని పిల్లవానిని దగ్గరకు తీసికొని, నీకేది ఇష్టము నాయనా అని అడిగితిమి. తనకు పుస్తకములు ఇష్టమనియు, రాత్రివేళ నాన్నగారు కథలు చదివి వినిపింతురనియు వాడు గడగడ చెప్పెను. పాఠశాలలో సంథ చెప్పుకొన్న విద్యార్థి పనస అప్పగించినట్లే ఉన్నది. ఇంటిలో ఎవరెవరున్నారు అని అడిగితిమి. అమ్మ, నాన్న, నేను అనెను. అని ఊరకుండక మా చెవి దగ్గర నోరు పెట్టి, "నాయనమ్మ కూడా ఉంది తాతగారూ. కాని అది చెప్పకూడదు" అనెను.

ఆ తల్లి తల వంచుకొనెను. తండ్రి కొంత తడబడి విషయము వివరించెను. ఆ బడివారు ఇంటిలో ఏ భాష మాట్లాడుదురని అడుగుదురట. తన తల్లి పల్లెటూరి మనిషి; ఇంగ్లీషు రాదు. పిల్లవాడు నాయనమ్మ అని మొదలుపెట్టినచో ఆమె మాటలు, ఆమె పాటలు అన్నియు వరుసగా చెప్పుకొనిపోవును. "ఆ ఒక్క రోజుకేనండీ" అని ముగించెను. మేమానాడు ఏమియు అనలేదు. అక్షతలు వేసి పంపితిమి. కాని ఆ పిల్లవాడు చెవిలో చెప్పిన మాట మాత్రము మమ్ము విడువలేదు. ఈ కార్తికమాస ప్రవచనములలో ఒకనాడు దానిని గూర్చి చెప్పవలెనని అప్పుడే అనుకొంటిమి.

చదువు వాకిట పిల్లవానిని నిలిపి ప్రశ్న వేయుట నిన్న మొన్నటి సంగతి కాదు. ఆ ప్రశ్నకు ఎవరెవరు ఏమి చెప్పిరి, చెప్పినందువలన వారికేమి జరిగినది అను వృత్తాంతము మన గ్రంథములలో మిక్కిలి పాతది. ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయమున సత్యకాముని కథ మీలో అనేకులు వినియే యుందురు. విన్నదే యైనను ఈ పిల్లవాని మాటను మనస్సున ఉంచుకొని మరల ఒకమారు వినుడు.

సత్యకాముడు చదువుకొనవలెనని కోరిన బాలుడు. బ్రహ్మచర్యమునకు గురువు వద్దకు పోదలచి ముందుగా తల్లిని అడిగెను: మన గోత్రమేమి అని. ఆ తల్లి పేరు జబాల. ఆమె దాచలేదు. తాను యౌవనమున నలుగురికి పరిచర్య చేయుచు తిరుగుచుండగా ఇతడు కలిగెననియు, అందువలన ఏ గోత్రమో తనకు తెలియదనియు చెప్పెను. తన పేరు జబాల గనుకను, అతని పేరు సత్యకాముడు గనుకను, సత్యకామ జాబాలుడనని చెప్పుకొమ్మనెను. శంకరభగవత్పాదులు ఈ మాటలకు వ్యాఖ్యానించుచు, భర్త ఇంట అతిథి అభ్యాగతుల సేవలో మునిగియుండి ఆమె గోత్రమును తెలిసికొనలేదనియు, అంతలో భర్త గతించెననియు చెప్పిరి. ఆధునికులు కొందరు ఆ వాక్యమును వేరు విధముగా గ్రహించిరి. ఎట్లు గ్రహించినను, నలుగురిలో చెప్పుకొనుటకు ఏ తల్లికిని సులభమైన మాట కాదది. కొడుకు బడికి పోవుచున్నాడని ఆమె దానిని మార్చలేదు.

బాలుడు హారిద్రుమతుడగు గౌతముని వద్దకు పోయి, తమ వద్ద బ్రహ్మచర్యముతో వసింపగోరుచున్నానని విన్నవించెను. గౌతముడు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఏ గోత్రమువాడవు? ఆచార్యుడు అతనిని చిన్నబుచ్చుటకు అడిగినాడని తలపరాదు. కులగోత్రములు తెలిసిన శిష్యునికే ఉపనయనము చేయవలెనను నియమమును భాష్యకారులు ఈ ఘట్టముననే గుర్తుచేసియున్నారు. అనగా ఆనాటి దరఖాస్తులో అది మొదటి గడి. అది నింపనిచో లోనికి పోవుటకు వీలు లేదు.

ఆ గడిని నింపుటకు బాలునికి దారులు లేకపోలేదు. తోచిన ఋషి పేరు ఒకటి చెప్పవచ్చును. అడవిలో ఉన్న ఆచార్యుడు వచ్చి విచారించునా? తరువాతి కాలమున గోత్రము తెలియనివారు కాశ్యపగోత్రమని చెప్పుకొను ఆచారము ఏర్పడినది. నేటికిని అర్చన వేళ గోత్రము తెలియదని సిగ్గుపడువారికి మేమే ఆ మాట అందించుచున్నాము. సత్యకాముడు అటువంటి ఊతను వెదకలేదు. తెలియదు అని మాత్రము చెప్పి ఊరకుండినను సత్యమే యగును. అక్కడను ఆగలేదు. తల్లిని అడిగితిననియు, ఆమె ఇట్లు చెప్పెననియు, ఆమె అన్న మాటలను అన్నట్లుగనే ఆచార్యుని యెదుట వినిపించెను.

అధ్యయనము చేసినవారికి ఇచట ఒక విశేషము గోచరించును. తల్లి నోట వచ్చిన వాక్యమును ఉపనిషత్తు ఒకసారి చెప్పినది. కొడుకు గురువుతో చెప్పునపుడు, తల్లి చెప్పినట్లే చెప్పెనని ఒక్క ముక్కతో సరిపెట్టక, ఆ వాక్యమునంతను మరల పాఠములోనికి తెచ్చినది. రెండవసారి ఒక్క పదమును తగ్గలేదు, తల్లి పరువు నిలుపుటకు ఒక్క పదమును మెత్తబడలేదు. చిన్నతనమున వల్లె వేయునపుడు, వచ్చినదే మరల వచ్చినదని విసుగుకొనెడివారము. ఆ పునరుక్తి యందే కథ యున్నదని మాకు తెలియుటకు చాల యేండ్లు పట్టినది.

గౌతముడు ఆ ఉత్తరము విని, బ్రాహ్మణుడు కానివాడు ఇట్లు విప్పి చెప్పజాలడనెను. సమిధను తెమ్మనియు, నీవు సత్యమునుండి తొలగలేదు గనుక నీకు ఉపనయనము చేసెదననియు పలికెను. ఈ మాటను పట్టుకొని పెద్దలు రెండు దారుల నడచిరి. సత్యవచనమును బట్టి గౌతముడు అతని జన్మను నిశ్చయించెనని బ్రహ్మసూత్రములలోని అపశూద్రాధికరణమున నిర్ణయము. సత్యమే బ్రాహ్మణ్యమని ఆ మాటకు అర్థమని సంస్కర్తలు వాదించిరి. మేము మొదటి సంప్రదాయమున చదివినవారము. రెండవ మాటను వినుటకు మా చెవులు మూసికొనలేదు. ఏ దారిన చూచినను, తలుపు తెరచుటకు గౌతముడు తన నోట చెప్పిన కారణము, సత్యము తప్పకుండుట యొక్కటే. గోత్రపు గడి ఖాళీగనే యుండిపోయినది. ఉపనిషత్తు ముగియువరకు సత్యకాముని గోత్రమేదో ఎవరికిని తెలియదు. తల్లిపేరు మాత్రము జాబాలుడని అతని పేరుతో నేటివరకు నిలిచినది.

తరువాత గౌతముడు బక్కచిక్కిన గోవులను నాలుగు వందలు ఏరి, వాని వెంట పొమ్మనెను. వేయి కానిదే తిరిగిరానని చెప్పి బాలుడు అడవికి తరలెను. అచట వృషభము, అగ్ని, హంస, మద్గువు అను నీటిపక్షి ఒక్కొక్క పాదముగా అతనికి బ్రహ్మమును ఉపదేశించినవి. తిరిగివచ్చినపుడు గురువు ముఖమును చూచి, బ్రహ్మము నెరిగినవానివలె వెలుగుచున్నావు, నీకు ఉపదేశించిన దెవరు అని అడిగెను. ఇది రెండవ ప్రశ్న. ఇదియు గడ్డుదే. గురువును కాదని మరియొకరి వద్ద నేర్చితినని ఏ శిష్యుడు చెప్పగలడు? మనుష్యులు కానివారు ఉపదేశించిరని ఉన్నది ఉన్నట్లు చెప్పి, అయినను తమవంటి ఆచార్యుని వలన తెలిసికొన్న విద్యయే శ్రేష్ఠమని విన్నాను గాన తామే చెప్పవలెనని ప్రార్థించెను.

ఆ సత్యకాముడే పెద్దవాడై గురువాయెను. ఉపకోసలుడను శిష్యుడు పన్నెండేండ్లు అతని అగ్నులను సేవించినను విద్య చెప్పలేదు. తోడివారికి సమావర్తనము చేసి పంపెను, ఇతనిని పంపలేదు. ఆచార్యపత్ని చెప్పినను వినక ప్రయాణమై వెళ్ళెను. ఆ దిగులుతో అన్నము మానిన పిల్లవానికి అగ్నులే జాలిపడి ఉపదేశించినవి. గురువు తిరిగివచ్చి, నీ ముఖము వెలుగుచున్నది, ఎవరు చెప్పిరి అని తాను ఒకప్పుడు విన్న ప్రశ్ననే అడిగెను. ఉపకోసలుడు సత్యకామునివలె వెంటనే చెప్పలేదు. నాకెవరు చెప్పుదురు స్వామీ అని దాచినట్లు మాటాడెను. శ్రుతియే అతడు దాచినట్లు చేసెనని చెప్పుచున్నది. పిమ్మట అగ్నుల వైపు చూపి, ఇవి అంతకు ముందు మరియొక విధముగ నుండెనని నసిగి, చివరకు జరిగినది చెప్పెను. పన్నెండేండ్లు పెదవి విప్పని గురువు నెదుట శిష్యుడు జంకెనన్న వింత యేమున్నది? సత్యకాముడు కోపింపలేదు. వారు చెప్పినది కొంత, మిగిలినది నేను చెప్పెదనని మొదలుపెట్టెను. ఉత్తరము చెప్పువాని ధైర్యము సగము అడుగువాని చేతిలోనే యున్నదని ఈ ఘట్టము చదివినప్పుడెల్ల మాకు అనిపించును.

ఇక ఇదే ప్రశ్నకు వచ్చిన రెండవ విధమైన ఉత్తరము భారతమున నున్నది. యుద్ధము ముగిసినది. కర్ణుడు తన అన్నయని తెలిసి ధర్మరాజు శోకించుచుండగా, కర్ణుని రథచక్రము ఏల క్రుంగినది, అతనికి శాపము ఎట్లు వచ్చినదని నారదుని అడిగెను. శాంతిపర్వము మొదట నారదుడు ఆ వృత్తాంతము చెప్పుచున్నాడు. బ్రహ్మాస్త్రము కావలెనని కర్ణుడు మొదట ద్రోణుని అడిగెను. వ్రతము ఆచరించిన బ్రాహ్మణుడో, తపస్సు చేసిన క్షత్రియుడో దానిని తెలియదగును, ఇతరులు కారు అని ద్రోణుడు కాదనెను. అంతట కర్ణుడు మహేంద్రగిరిపై పరశురాముని వద్దకు పోయెను. మన శ్రీకాకుళము జిల్లా అంచున, ఒడిశా భూమిలో నేటికిని ఆ పేరుతో పర్వతమున్నది. తాను భృగువంశపు బ్రాహ్మణుడనని కర్ణుడు చెప్పెను. పరశురాముడు గోత్రము మొదలైనవన్నియు అడిగియే చేర్చుకొనెనని భారతము చెప్పుచున్నది. చూచితిరా, గౌతముడు అడిగిన ప్రశ్నయే. ఇచట గడి చక్కగా నిండినది.

చదువు కూడ చక్కగా సాగినది. ఒకనాడు గురువు ఉపవాసముతో అలసి కర్ణుని తొడపై తలయుంచి నిద్రించెను. ఒక పురుగు వచ్చి కర్ణుని తొడను తొలుచుచు పోయినది. గురువునకు నిద్రాభంగమగునని కర్ణుడు కదలలేదు. రక్తము తగిలి పరశురాముడు మేల్కొనెను. ఇంత బాధను బ్రాహ్మణుడు ఓర్వలేడు, ఈ ఓర్పు క్షత్రియునిది, నిజము చెప్పుమనెను. ఆలోచింపుడు. కర్ణుని పట్టియిచ్చినది అతని యందలి దోషము కాదు. గురుభక్తి, ఓర్పు అను రెండు మేలైన గుణములే. తనది కాని పేరుతో లోనికి పోయినవానికి తన మంచితనమును చూపుటకును వీలు లేకపోయెను.

అప్పుడు కర్ణుడు చెప్పిన సమాధానము వినదగినది. తాను సూతుడననియు, అస్త్రలోభముచే ఇట్లు చెప్పితిననియు ఒప్పుకొనెను. వేదవిద్య నొసగు గురువు తండ్రి యగును గదా, అందువలన తమ గోత్రమునే నా గోత్రమని చెప్పితిననియు అనెను. ఎంత తెలివైన మాట! శాస్త్రమునకు లోబడిన మాట కూడ. కాని పరశురాముడు దానికి కరగలేదు. సమానునితో పోరుచు మరణకాలము ఆసన్నమైనపుడు ఆ అస్త్రము స్ఫురింపకుండుగాక యని శపించి, అసత్యము పలికిన నీకు ఇచట స్థానము లేదు పొమ్మనెను.

ఇచట మా మనస్సు అధిరథుని ఇంటివైపు పోవును. ఏటిలో కొట్టుకొనివచ్చిన పసికందును తెచ్చి రాధ ఒడిలో ఉంచినపుడు ఆమెకు పాలు వచ్చెననియు, ఆమె తన మలమూత్రములను ఎత్తి పెంచెననియు ఉద్యోగపర్వమున కర్ణుడే శ్రీకృష్ణునితో చెప్పినాడు. రాజ్యమిచ్చెదనన్నను ఆ తల్లిని విడువనన్నాడు. రాధేయుడను పేరు అతనికి అవమానము కాలేదు, అలంకారమైనది. అంతటి మాతృభక్తి గల కర్ణుడు గురుకుల ద్వారమున మాత్రము రాధ పేరు ఎత్తలేదు. ఆ ఒక్క రోజుకే అనుకొనియుండును.

సత్యము చెప్పినవారందరికిని తలుపులు తెరచుకొనెనని మేము చెప్పబోము. ఏకలవ్యుడు నిషాదరాజగు హిరణ్యధన్వుని కుమారుడు. తానెవరో దాచక ద్రోణుని వద్దకు వచ్చెను. నిషాదుడని తెలిసి ద్రోణుడు చేర్చుకొనలేదు. ఆ తరువాతి కథ మీరెరుగుదురు. ఆ కథ చదివినపుడు తల దించుకొనవలసినది ఉత్తరము చెప్పిన బాలుడు కాడు. పరశురాముని వద్ద కర్ణుడు అబద్ధమాడుటకు, ద్రోణుని వద్ద నిజము పనికిరాకపోవుటయు ఒక కారణమని ఎవరైనను అన్నచో మేము కాదనలేము.

అడుగువారి నిజాయితీకి ప్రశ్నోపనిషత్తున చక్కని ఉదాహరణమున్నది. ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షి వద్దకు పోయిరి. ఆయన వారిని పరీక్షింపలేదు. ఒక సంవత్సరము తపస్సుతో, బ్రహ్మచర్యముతో, శ్రద్ధతో ఇచట వసింపుడు, పిమ్మట మీకు తోచినది అడుగుడు, మాకు తెలిసినచో అంతయు చెప్పెదమనెను. తెలిసినచో! అంతటి ఋషి ఆ ఒక్క మాట చేర్చెను. ఆ ఆరుగురిలో సుకేశుడను వాడు చివరగా తన ప్రశ్న వేయుచు జరిగినదొకటి చెప్పెను. కోసలరాజకుమారుడు హిరణ్యనాభుడు తనను పదునారు కళల పురుషుని గూర్చి అడుగగా, నాకు తెలియదు, తెలిసియున్నచో ఏల చెప్పను, అసత్యమాడువాడు మూలముతో సహా ఎండిపోవును అని తాను బదులు చెప్పెనట. రాజకుమారుడు మారుమాటాడక రథమెక్కి పోయెను. ఆ ఎరుగని ప్రశ్నయే సుకేశుని పిప్పలాదుని వద్దకు నడిపినది.

ఋషుల కాలమును దాటి చరిత్రకు అందిన కాలమునకు వత్తము. క్రీస్తుశకము ఏడవ శతాబ్దమున చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ నలందా విహారమున నివసించి అక్కడి పద్ధతులు వ్రాసిపెట్టెను. వాదములలో పాల్గొనగోరి ఇతర ప్రాంతములనుండి వచ్చువారిని ద్వారపాలకుడే కఠినమైన ప్రశ్నలు అడిగెడివాడట. పదిమందిలో ఏడెనిమిదిమంది ఉత్తరము చెప్పలేక మరలిపోయెడివారట. బౌద్ధుల విద్యాలయమైనను పరీక్ష మన దేశపు పద్ధతిదే. అదే యాత్రికుడు మరియొక ముచ్చట కూడ వ్రాసెను. నలందాలో చదివితిమని అబద్ధముగా చెప్పుకొని తిరిగి గౌరవము పొందువారు ఆనాడే ఉండిరట. దొంగ పట్టాలు మన కాలపు సొత్తని అనుకొనువారు ఇది గమనింతురు గాక.

ఆ హుయాన్ త్సాంగ్‌ను నలందా పెద్దయగు శీలభద్రుని యెదుటకు కొనిపోయినపుడు, ఎక్కడినుండి వచ్చినారని ఆ వృద్ధుడు అడిగెను. చైనా దేశమునుండి యోగశాస్త్రము నేర్చుటకు వచ్చితినని ఈయన చెప్పెను. అంతే. ఎంత చదివితినో, ఎన్ని కొండలు దాటితినో ఏకరువు పెట్టలేదు. శీలభద్రుడు కన్నీరు పెట్టెనని ఆయన జీవితచరిత్రలో నున్నది. నలందాలో పేరు గడించిన పిమ్మట ఈయన మన ఆంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున, అనగా నేటి ధరణికోట, అమరావతి ప్రాంతమున, కొన్ని మాసములు నిలిచి ఇద్దరు భిక్షువుల వద్ద తనకు రాని శాస్త్రభాగమును శిష్యుడై చదివెను. వారికి తనకు వచ్చినది చెప్పెను.

ఇంతవరకు చెప్పిన వారందరు ఊహ తెలిసినవారు. మన గృహ్యసూత్రములలో ఉపనయనమునకు బ్రాహ్మణునికి ఎనిమిదవ యేడు, క్షత్రియునికి పదునొకండవది, వైశ్యునికి పండ్రెండవది విధించిరి. అప్పుడు ఆచార్యుడు వటువును నీ పేరేమి అనియు, నీవు ఎవరి బ్రహ్మచారివి అనియు అడుగును. పారస్కర గృహ్యసూత్రము ప్రకారము పిల్లవాడు తమ బ్రహ్మచారినని చెప్పగా, ఆచార్యుడు దానిని సరిదిద్ది, నీవు ఇంద్రుని బ్రహ్మచారివి, అగ్ని నీకు ఆచార్యుడు, నేను నీకు ఆచార్యుడను అనును. పిల్లవాడు తప్పిననేమి, చేయి విడువడు.

అంతకు ముందటి మెట్టున, అనగా అక్షరాభ్యాసమున, ప్రశ్నయే లేదు. దీనికి ఇంగ్లీషువారి సాక్ష్యమే యున్నది. 1822లో మద్రాసు గవర్నరు మన్రో దేశములోని బడుల వివరములు పంపుడని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. అనంతపురము సీమ కూడ కలిసియున్న ఆనాటి బళ్ళారి జిల్లానుండి కలెక్టరు క్యాంబెల్ 1823లో నివేదిక పంపెను. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందు తెలుగు బడులు 226. అయిదేండ్లు వచ్చిన పిల్లవానిని బడిలో చేర్చు విధమును ఆ దొర శ్రద్ధగా వ్రాసెను. విఘ్నేశ్వరుని యెదుట పిల్లవానిని కూర్చుండబెట్టి, పంతులు ప్రక్కన కూర్చుండి, విద్య నిమ్మని ప్రార్థన చెప్పించి, పిల్లవాని వ్రేలు తానే పట్టుకొని బియ్యముపై దేవుని పేరు వ్రాయించును. తల్లిదండ్రులు శక్తికొలది కానుక ఇత్తురు. మరునాటి ఉదయము చదువు మొదలగును. ఆ రోజున పిల్లవాడు చెప్పవలసిన ఉత్తరము ఏదియు లేదు. వ్రేలు ఇచ్చిన చాలును.

నేటి ప్రభుత్వమును ఈ విషయమును గుర్తింపకపోలేదు. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. బడిలో చేర్చుకొనునపుడు పిల్లవానిని గాని తల్లిదండ్రులను గాని వడపోత పరీక్షకు గురిచేయరాదని దాని 13వ సెక్షను. ఎక్కువమంది వచ్చినచో చీటీలు తీయుట వంటి పద్ధతినే పాటింపవలెను. తప్పినచో మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆపై ప్రతిసారి 50,000 రూపాయల వరకు జరిమానా. ఆ యువకునికి ఈ మాట చెప్పగా, దానిని ఇంటర్వ్యూ అని వ్రాయరండీ, పరిచయ సంభాషణ అందురు అనెను. మరియొక సంగతి దాచరాదు. 2012లో చేసిన సవరణ వలన ఆ చట్టము వేదపాఠశాలలకు వర్తింపదు. మేము మా పాఠశాలలో గోత్రము, సూత్రము, శాఖ నేటికిని అడుగుచునే యున్నాము. అధ్యయనమునకు అది అవసరము. కాని అడిగిన పిమ్మట గౌతముడు చూచినది చూచుచున్నామా, మొదటి గడి యొద్దనే చూపు నిలుపుచున్నామా అని మమ్ము మేము ప్రశ్నించుకొనవలసినది ఉన్నది.

ఇతరుల కథలు ఇన్ని చెప్పి మా కథ దాచుట న్యాయము గాదు. మా తొమ్మిదవ యేట మేనమామగారు మమ్ము గోదావరి ఒడ్డున ఒక పాఠశాలకు తీసికొనిపోయిరి. ఏమీ రాదన్నచో చేర్చుకొనరేమోనని ఆయన భయము. నమకము పూర్తిగా వచ్చునని చెప్పుమని దారి పొడవునను నేర్పిరి. మాకు వచ్చినది మూడు అనువాకములే. అధ్యాపకులు అడుగగా నేర్పినట్లే చెప్పితిమి. ఆయన తలయూపి, ఆరవ అనువాకము అందుకొనుమనిరి. మాకు నోట మాట రాలేదు. మామగారు గోడవైపు చూచుచుండిరి. కొంతసేపటికి, "నాకు మూడే వచ్చునండి, మామయ్య అలా చెప్పమన్నాడు" అని ఏడ్చితిమి. మామగారిని అల్లరి చేసితిమని ఒక ఏడుపు, చదువు పోయినదని ఒక ఏడుపు. అధ్యాపకులు మమ్ము ఏమియు అనలేదు. మామగారినీ అనలేదు. లోపలికి కేక వేసి, "అమ్మా, పిల్లవాడికి అన్నం పెట్టండి" అనిరి. మరునాడు మొదటి అనువాకము మొదటి స్వరమునుండి, వచ్చిన మూడింటిని కూడ మరల చెప్పించిరి. తప్పుగా వచ్చిన ఆ మూడు సరియగుటకు నెల పట్టినది. మామగారు ఆ సంగతి జీవితాంతము ఎత్తలేదు. మేమును ఎత్తలేదు. ఆయన మా మేలు కోరియే చెప్పించిరని ఇప్పుడు తెలియును. ఆ యువకుడును కొడుకు మేలు కోరియే నాయనమ్మను దాచుమనెను. అందుచేతనే ఆనాడు మేము అతనిని గద్దింపలేకపోయితిమి.

మొన్న విజయదశమినాడు ఆలయమున సామూహిక అక్షరాభ్యాసములు జరిగినవి. ఆ దంపతులు మరల వచ్చిరి. ఈసారి ముదుక పసుపుచీర కట్టిన ఒక పెద్దావిడ వెంట వచ్చినది. పిల్లవాడు ఆమె ఒడిలో కూర్చున్నాడు. వరుస పొడవుగా ఉన్నందున ప్రతి పిల్లవాని వద్దకును మేము పోలేకపోతిమి; ఇంటి పెద్దలే వ్రేలు పట్టి వ్రాయింపుడని చెప్పితిమి. తండ్రి ముందునకు వంగి, మరల వెనుకకు జరిగి, "అమ్మా, నువ్వు రాయించు" అనెను. ఆమె తడుముకొనుచు ఓంకారమును మూడుసార్లు వ్రాయించినది. అక్షతలు వేయుటకు పోయి, ఇంటిలో ఎవరెవరున్నారు నాయనా అని మరల అడిగితిమి. పిల్లవాడు ముందుగా నాయనమ్మ పేరు చెప్పి, పిమ్మట అమ్మ, నాన్న, తాను, ప్రక్కింటి కుక్కపిల్ల అని లెక్కపెట్టెను. వాడు ఏ బడిలో చేరినాడో మేము అడుగలేదు.